గొర్రెల మేతను బీడన్నారు

ఎనభైల చివర, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ప్రొద్దుటూరులో భూసార సర్వే అధికారిగా ఉన్న నాకు కొత్త పని అప్పగించారు. జమ్మలమడుగు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ తన బట్టీల్లో బొగ్గుతోపాటు కట్టె కూడా కాల్చాలనుకుంది. ఆ కట్టె కోసం త్వరగా పెరిగే సుబాబుల్ చెట్లు పెంచడానికి భూమి చూపాలి. సాగులో ఉన్న నేల ముట్టుకోకూడదు, బీడు మాత్రమే చూడాలని ఉత్తర్వు.

ఫ్యాక్షన్ నాయకుల తోడు లేకుండా ఆ పల్లెల్లోకి అధికారులు అడుగుపెట్టలేని కాలం. అధికార పార్టీ నాయకుడొకాయన దగ్గరుండి ముద్దనూరు వైపు ఒక గుట్టవాలు చూపించాడు. వెనక జీపులో ఆయన మనుషులు తుపాకులతో కూర్చున్నారు. గుంత తవ్విస్తే మూరెడు మట్టి కింద నాపరాయి తగిలింది. సుబాబుల్ వేరు లోతుకు దిగాలి. ఆ రాతి మీద అది బతకదు.

అంతలో ఓబులమ్మ అనే ఆమె గొర్రెలు తోలుకుంటూ వచ్చింది. నాయకుడి ప్రత్యర్థికి ఓట్లేసే పల్లె ఆమెది.

"ఏం తవ్విస్తాండావప్పా?" అని నన్నడిగింది. విషయం చెప్పాను.

"బీడా? ఎవురు చెప్పినారు బీడని? మా ఊరి మందలన్నీ ఈడనే మేసేది. కంచె ఏస్తే యాడికి తోలుకపోవల్ల?"

నాయకుడు నవ్వి, "మీరు ఓట్లేసినోని కాడికి తోలుకపో" అన్నాడు.

"గొర్రెలకు ఓట్లు ల్యావు గదప్పా" అంది ఆమె, తల దించకుండానే.

తనకు ఓటేయని పల్లెకు మేత లేకుండా చేయడమే నాయకుడి అసలు ఉద్దేశమని నాకు అర్థమైంది. ఒళ్లు మండింది.

తిరుగుదారిలో రోడ్డు పక్కన లోతైన నల్లరేగడి కనిపించింది. తగాదాలకు భయపడి దున్నేవాళ్లు లేక, ఏళ్లుగా ముళ్లకంప మొలిచి ఉంది. అది ఆ నాయకుడిదే. సుబాబుల్‌కు ఇంతకంటే మంచి నేల దొరకదని ఆయనతోనే చెప్పాను.

"ఇది బీడెట్లయితాది? ఇది మాది" అన్నాడు.

గుట్టవాలు పనికిరాదని, నల్లరేగడి పనికొస్తుందని నివేదిక ఇచ్చాను. మార్చమని పై అధికారి కబురు పెట్టాడు. మార్చనన్నాను. వారం తిరక్కుండా పులివెందులకు బదిలీ చేశారు. నా స్థానంలో వచ్చినాయన గుంత తవ్వకుండానే గుట్టవాలు అనుకూలమని సంతకం పెట్టాడు.

కంచె వేశారు. మేత లేక ఓబులమ్మ మందను అమ్ముకుని నాపరాళ్ల గనిలో కూలికి చేరింది. మొక్కలు మరుసటి వేసవికే ఎండిపోయాయి. ఫ్యాక్టరీ మళ్లీ బొగ్గుకే పోయింది. కంచెను మాత్రం ఆ నాయకుడు తీయనివ్వలేదు. చెట్టు మొలవని చోట ఆ కంచె ఎవరి కోసమో ఏ అధికారీ అడగలేదు. ఇది తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది.

సర్కారు కాగితాల్లో బీడు అని రాసేటప్పుడు నేలకంటే ముందు దాని మీద బతికేవాళ్ల బలం చూస్తారని అక్కడ తెలుసుకున్నాను. ఆ తర్వాత ఏ ఊళ్లోనైనా గుంత తవ్వించే ముందు, అక్కడ ఎవరి పశువులు మేస్తాయో అడిగేవాణ్ణి. అందుకు మరికొన్ని బదిలీలు వచ్చాయి.