పేపరు పరిచి చూశారా?

నిన్న పొద్దున లారీ కింద పాత పేపరు పరుస్తుంటే డీజిలూ, అచ్చు సిరా కలిసిన వాసన ముక్కుకు తగిలింది. దానియేలు మేస్త్రి గారు గుర్తొచ్చారు. వెనకే, ఆయనకు ఆపరేషన్ చేసినవాళ్ల మీద కోపమూ వచ్చింది. ఆయన గుండెపోటుతో పోయి రెండేళ్లయినా అది చల్లారలేదు.

ఆటోనగర్‌లో ఆయన షెడ్డులోనే నేను ఇంజన్ల పని నేర్చుకున్నాను. రిపేరైన బండి కింద పేపరు పరిచి, ఇంజను నడిపించి, గంటసేపు ఆగేవారు. ఒక్క చుక్క పడినా బండి ఇచ్చేవారు కాదు. ఒకసారి నేను తొందరపడి, "స్టార్టయింది కదండీ, పంపించేద్దాం" అన్నాను. "స్టార్టవడం నీ గొప్పరా. కారకపోవడం బండాయన అవసరం. ముందు ఆయన సంగతి చూడు" అన్నారు.

అరవై దాటాక ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. పెద్ద కోత ఉండదు, చిన్న రంధ్రాల్లోంచి రోబోతో తీసేస్తాం, త్వరగా మామూలు మనిషైపోతారు అన్నారు ఆసుపత్రిలో. క్యాన్సర్ పోయింది, అబద్ధమెందుకు! మూడో రోజే ఇంటికొచ్చారు. మూత్రపు గొట్టం తీశాక మాత్రం షెడ్డుకు రావడం మానేశారు. ఆదివారం చర్చికీ పోవడం లేదని తెలిసి పటమటలో వాళ్లింటికి వెళ్లాను. కుర్చీలో ప్లాస్టిక్ షీటు వేసుకుని కూర్చున్నారు. "దగ్గితే చాలు, తడిసిపోతున్నాన్రా. ముందే ఒక్క ముక్క చెప్పుంటే సిద్ధపడేవాణ్ణి కదా" అన్నారు, గోడవైపు చూస్తూ. ఎవరిముందూ తల దించని మనిషి. నాకు ఏడుపొచ్చింది.

ఐదో నెలలో పరీక్షకు నేనే తీసుకెళ్లాను. డాక్టరు రిపోర్టులోంచి తలెత్తకుండానే, "సూపరండీ, ఆపరేషన్ సక్సెస్" అన్నాడు.

"పేపరు పరిచి చూశారాండీ?" అన్నారు మేస్త్రి గారు.

డాక్టరుకు అర్థం కాలేదు. మూత్రం కారుతోందని నేను చెప్పాను. "అది కొందరికి కామనేనండీ. ఎక్సర్‌సైజులు చెయ్యట్లేదా?" అన్నాడు. కామనైతే ముందే చెప్పడానికి నోరేమైంది? ఆ ఎక్సర్‌సైజులు నేర్పిందెవరు? ఆలుమగల సంగతి కూడా దెబ్బతినొచ్చని ఆ రోజే, అదీ మేం గుచ్చి గుచ్చి అడిగితేనే చెప్పాడు. రోగి బతికితే చాలు, ఎలా బతుకుతున్నాడో తమకు పట్టదన్నట్టే ఉంది వాళ్ల లెక్క. పొత్తికడుపు అడుగున మూత్రాన్ని పట్టి ఉంచే కండరాలు బిగించే కసరత్తు అక్కడి ఫిజియోథెరపిస్టు పావుగంటలో నేర్పింది. పావుగంట! దానికోసం ఐదు నెలలు ఆయన్ని ప్లాస్టిక్ షీటు మీద కూర్చోబెట్టారు.

నాలుగు నెలల తర్వాత మేస్త్రి గారు షెడ్డుకొచ్చారు. స్టూలు మీద పేపరు పరుచుకుని కూర్చుని, గంటసేపు అందరినీ మామూలుగానే తిట్టారు. తర్వాత లేచి, పేపరు రెండువైపులా తిప్పి చూసి నా చేతికిచ్చారు. ఎక్కడా తడి లేదు.

"ఇప్పుడివ్వొచ్చురా డెలివరీ" అన్నారు.

నిన్న ఆ లారీ డ్రైవరు, "స్టార్టయింది కదన్నా, ఇచ్చెయ్" అని తొందరపెట్టాడు. గంట ఆగమన్నాను.