మంచె మీద పొడుగు లెన్సు

ఆదోని బస్టాండు దగ్గర ఉగ్గాని వేడిగానే ఇస్తారు. దాని పక్కన పెట్టే మిరపకాయ బజ్జి మాత్రం నిన్నటిది కాదని ఎవరూ గట్టిగా చెప్పరు. రెండూ కలిసి వేడిగా ఉన్న రోజు నాకింతవరకూ తగల్లేదు. అయినా ఆ చలికాలమంతా ఆదివారం ఆదివారం అదే తిని, తొలి బస్సుకు ఎమ్మిగనూరు దారి పట్టేవాణ్ని. ఎగిరే చిలకను ఎదురుగా, కన్ను స్పష్టంగా కనబడేలా, ఒక్క ఫొటో తీయాలి. తీసేదాకా మానేది లేదనుకున్నాను.

అప్పటికి నా దగ్గర ఆకాశం ఫొటోలు చాలా ఉండేవి. కొన్నింటిలో మూలన తోక కూడా పడింది. పొడుగు లెన్సులోంచి చూస్తే లోకం ఇరుకైపోతుంది. అందులో చిలకను వెతుక్కునేలోగా అది పక్క చేనుకు చేరిపోతుంది. మా ఆవిడ అన్నీ ఓపిగ్గా చూసి, మబ్బులు బాగా వచ్చాయంది.

దారిలో ఒక జొన్నచేను పాలకంకి మీద ఉంది. చిలకలు గుంపులుగా వాలేది అక్కడే. చేను కాసే అవ్వ మంచె మీద నిలబడి, వడిసెలతో రాళ్లు విసురుతూ, అరుస్తూ, పొద్దంతా వాటిని తోలేది. నేనూ మంచె ఎక్కుతానంటే కాదనలేదు. పైన ఇంకో మనిషి కనబడితే చిలకలు జంకుతాయని ఆమె లెక్క. ఆమె అరిచినప్పుడల్లా అవి మాకు వీపు చూపించి పోయేవి. నా కెమెరాలో తోకలే ఎందుకు చేరుతున్నాయో అప్పుడు అర్థమైంది. ఎదురుగా రావాలంటే మంచె మీద చప్పుడు ఉండకూడదు. ఆ మాట ఆమెతో అనేంత అమాయకుణ్ని కాను.

ఒక ఆదివారం ఆమె బావి దగ్గరికి పోయి సద్ది తినొస్తానంటూ వడిసెల నా చేతికిచ్చింది.

“నేనొచ్చేదాకా అరుస్తా ఉండప్పా. నువ్వు నోరు మూస్తివంటే చేను మిగల్దు.”

సరేనన్నాను. మొదట్లో అరిచాను కూడా. అంతలో ఒక గుంపు సూటిగా మంచెకేసి రావడం కనబడింది. వడిసెల మెడలో వేసుకుని కెమెరా ఎత్తాను. గుంపు వాలింది. నేను ఊపిరి కూడా పొదుపుగా తీసుకున్నాను. చిలకలు తీరిగ్గా భోంచేశాయి. చాలాసేపటికి ఒకటి కంకి తుంచి, ముక్కున కరుచుకుని, నాకెదురుగా లేచింది. బటను నొక్కిపట్టాను.

వచ్చింది. రెక్కల ఈకలు విడివిడిగా, కంటి చుట్టూ ఎర్రటి గీత, ముక్కులో కంకి, కంకి మీద ఒక్కో గింజా.

అవ్వ తిరిగొచ్చి మంచె ఎక్కింది. సంతోషం పంచుకోవడానికి చుట్టుపక్కల ఇంకెవరూ లేనందువల్ల ఆమెకే చూపించాను. ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత మంచె ముందర బోడిగా నిలబడ్డ చొప్పను చూసింది. మళ్లీ ఫొటో చూసింది.

“ఇంత దగ్గరికొచ్చింటే, ఒక రాయన్నా ఎయ్యకపోతివా?”