అక్క వేళ్లకు బావ చేసిన టోపీలు

మా బావ వృత్తి టోపీలు పెట్టడం. నవ్వండి, ఫరవాలేదు, ఈ జోకు మా ఇంట్లో పదిహేనేళ్లుగా నలుగుతూనే ఉంది. కంప్యూటర్ కీబోర్డు మీద అక్షరాలుండే పైముక్కలు చూశారుగా, గోటితో లాగితే ఊడొస్తాయి, వాటిని బావ టోపీలంటాడు. వాటిని రకరకాల ఆకారాల్లో పోతపోసి, గరుకు కాగితంతో రుద్ది, అడిగినవాళ్ల కీబోర్డుకి తొడిగి ఇస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని టోపీలాయన అనే పిలుస్తారు. రెండు మెట్లెక్కి ఆయన షాపులోకెళ్తే పొడుగాటి బల్ల, బల్లకి అటు చివర బావ, ఇటు చివర నేను. వారానికి మూడు రోజులు వెళ్లి పార్సిళ్లు కడతాను. నేను ఆయన భార్యకి చెల్లెల్ని.

వచ్చినవాళ్లు ముందు రంగులు చూస్తారు. కుర్రకారు అయితే పిల్లి పాదం ఆకారంలో కావాలంటారు, పుర్రె ఆకారంలో కావాలంటారు. ఒకాయన తన కుక్క మొహం అచ్చుగుద్దినట్టు చెయ్యమని ఫోటో తెచ్చాడు. బావ అన్నిటికీ తలూపి, "ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వండి" అంటాడు. జాతకం చెప్పేవాడిలా అటూ ఇటూ తిప్పి చూస్తాడు. వేళ్ల చివర్లు గుండ్రమా, పలకలా ఉన్నాయా, గోళ్లు తగులుతాయా, చిటికెన వేలు ఎక్కడిదాకా అందుతుంది. తర్వాత ఒక పేజీ టైపు చేయిస్తాడు. అప్పుడు నాలుగు రకాల్లో ఒకటి తొడిగి, "వారం రోజులు వాడండి. బాగుందో లేదో ఇప్పుడే చెప్పొద్దు, వారం తర్వాత వచ్చి చెప్పండి" అని పంపేస్తాడు. ఎందుకూ అంటే, "కొత్తలో అన్నీ బాగుంటాయి. టోపీని ఎంచాల్సింది అలిసిపోయిన వేలు" అంటాడు. ఈ మాట ఆయన నోట నేను కనీసం వెయ్యిసార్లు విన్నాను. అందుకే ఇంకా ఒళ్లు మండుతుంది.

అయితే ఎన్ని రకాలు చేసినా బావ మనసు ఒకదాని మీదే. ఎత్తుగా ఉండి, పైన దొప్పలా లోతుగా తీసిన టోపీ. వేలు పెడితే గూట్లో పెట్టినట్టు కూర్చుంటుంది. పల్చటి, పలక టోపీలంటే ఆయనకి చిన్నచూపు. అలాంటివి ఒక డబ్బా నిండా బల్ల కింద పడుండేవి, అడిగితే ఊరికే ఇచ్చేసేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దు మరి. ఎవరైనా ఆయన ఎత్తు టోపీల్ని మెచ్చుకుంటే ఆ పూట ఇంక ఆయనకి చెవులు పనిచెయ్యవు.

మా అక్క సంగతి చెప్పాలి. అక్క బస్టాండులో విచారణ కిటికీలో కూర్చునేది. మైకులో ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెప్పే గొంతు ఆవిడదే. ఉత్త వసపిట్ట. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా గంపెడు మాటలు. ఎనిమిది గంటలు మైకులో మాట్లాడి వచ్చి, చెప్పులు విప్పకుండానే మళ్లీ మొదలుపెట్టేది. "నీకు నోరు నెప్పెట్టదా?" అని బావ అడిగితే, "మీకు చెవులు నెప్పెడుతున్నాయా?" అనేది. ఆయన లేదనేవాడు. నిజంగానే లేదు. ఆవిడ మాటలు వింటూ గరుకు కాగితం రుద్దుకోవడమే ఆయనకి తెలిసిన సుఖం.

నలభై మూడో ఏట అక్కకి మాట ముద్దగా రావడం మొదలైంది. అలుపనుకున్నాం. మైకు ముందు రెండుసార్లు తడబడితే పై అధికారి రాతపనిలోకి మార్చాడు. ఆ తర్వాత పరీక్షల్లో తేలింది, నరాలు కండరాల్ని వదిలేస్తున్న జబ్బు. మందు లేదు. గొంతు ముందు పోతుంది, చేతులు తర్వాత. "చేతులు ఇంకో ఏడాది పనిచెయ్యొచ్చు, తక్కువే కావచ్చు" అన్నాడు డాక్టరు. ఆర్నెల్లు తిరక్కుండానే గొంతు పూర్తిగా పోయింది.

అప్పుడు కంప్యూటరు వచ్చింది. అక్క టైపు చేస్తే అది పైకి చదువుతుంది. ఆ గొంతు బొంగురుగా, ఏ భావమూ లేకుండా ఉండేది. మొదటిరోజు అక్క దానిచేత అనిపించిన మాట, "ఈవిణ్ణి బస్టాండులో పెడితే ఒక్క బస్సూ కదలదు." పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. వేళ్లు ఆడినన్నాళ్లే అక్క మాట్లాడుతుంది, వేళ్లు ఆగితే అక్క మాట ఆగిపోతుంది. అది ముగ్గురికీ తెలుసు.

బావ వెంటనే పనిలోకి దిగాడు. అక్క పది వేళ్లనీ మైనంలో గుచ్చి అచ్చులు తీశాడు. ప్రతి టోపీకీ, ఏ వేలు ఏ మూల నుంచి దాన్ని తాకుతుందో చూసి, ఆ వేలి ఆకారంలోనే దొప్ప తీశాడు. వెనక వరస ఎత్తుగా, ముందు వరస కాస్త తక్కువ. మూడు వారాలు షాపులో ఇంకో పని ముట్టుకోలేదు. పైవరసలో నాలుగు మీటలకి తయారు మాటలు కూడా పెట్టాడు. ఒకటి నొక్కితే "అవును", ఒకటి "వద్దు", ఒకటి "దాహం", ఇంకోటి "బాగుంది". అలాంటి పనితనం నేను మళ్లీ చూడలేదు, చూడబోను. అక్క వేళ్లు పెట్టగానే ఒక్కో వేలూ దాని గూటికి అదే వెళ్లిపోయింది.

"బాగుందా?" అన్నాడు బావ.

అక్క నెమ్మదిగా టైపు చేసింది. యంత్రం చదివింది: "చాలా బాగుంది. మేడ మెట్లలా ఉన్నాయి. ఎక్కి దిగితే వేళ్లకి వ్యాయామం."

ఆయన పసిపిల్లాడిలా నవ్వాడు. నేనూ నవ్వాను. ఊళ్లో వాళ్లందరికీ పేజీ టైపు చేయించి, వారం గడువు పెట్టే మనిషి, పెళ్లాం దగ్గర ఆ ఒక్కమాటతో సరిపెట్టుకున్నాడు. మైనంలో అచ్చు తీసినప్పుడు వేలు ఊరికే ఆనించి ఉంది. టైపు చెయ్యాలంటే ఆనిస్తే చాలదు, ఆ దొప్పలోంచి వేలిని పైకి లేపి, అంచు దాటించి, పక్కదాంట్లో దించాలి. బలమున్నవాళ్లకి అది తెలియను కూడా తెలియదు. అక్కకి ఒక్కో మీటా ఒక గొయ్యి.

నెల తిరిగేసరికి అక్క మాటలు పొట్టివైపోయాయి. రెండో నెలలో ఏది అడిగినా పైవరస మీటలే. అన్నం పెట్టనా అంటే "అవును". కిటికీ తెరవనా అంటే "వద్దు". ఎలా ఉన్నావంటే "బాగుంది". బావ లోలోపల కుమిలిపోయాడు. ఒకరోజు బల్ల దగ్గర నాతో అన్నాడు, "మీ అక్కకి నామీద కోపంగా ఉంది. మంచి రోజుల్లో ఎక్కడికీ తీసుకెళ్లలేదని అయ్యుంటుంది. మాట్లాడ్డం ఇష్టం లేక ఊరుకుంటోంది."

"అదేం లేదు, నువ్వు ఊహించుకుంటున్నావు బావా" అన్నాను. ఆ సాయంత్రమే ఆయన లేనప్పుడు అక్కని నిలదీశాను. "ఏమే, ఆయన్నెందుకు ఏడిపిస్తున్నావు?"

అక్క కీబోర్డు మీద చేతులు పెట్టింది. చూపుడు వేలు ఒక టోపీలోంచి లేవడానికి భుజం దాకా కదిలింది. నాలుగు ముక్కలు టైపు చెయ్యడానికి ఆవిడకి పావుగంట పట్టింది. నేను నిలబడి చూస్తున్నాను, నుదుటి మీద చెమట. యంత్రం చదివింది: "లోతు ఎక్కువ. వేళ్లు లేవట్లేదు. ఆయనకి చెప్పకు. నా మీద ఒట్టు."

"ఒట్టేంటి నీ మొహం! చెప్తే మార్చేస్తాడు కదా!" ఒంటికాలి మీద లేచాను.

మళ్లీ టైపు చేసింది. "నాకోసం ఆయన చెయ్యగలిగింది అదొక్కటే. చెడగొట్టకు."

ఆవిడ చెయ్యి తీసి నా తల మీద పెట్టబోయింది, అందలేదు. నేనే వంగి తల కిందికి దించాను. ఒట్టేశాను.

తర్వాత రెండున్నర నెలలు నేను నోరు మూసుకున్నాను. నోరు జారకుండా నిలబెట్టుకున్న ఒట్టు నా జన్మలో అదొక్కటే. ఇంట్లో పాలగిన్నె పొంగినా వీధంతా తెలిసేలా అరిచే మనిషిని.

ఒక మధ్యాహ్నం రిటైరైన టైపిస్టు ఒకావిడ వచ్చింది. బావ అంతకుముందే ఆవిడకి ఎత్తు టోపీలు తొడిగి వారం గడువు పెట్టి పంపాడు. కీబోర్డు బల్ల మీద పెట్టి, "ఏమనుకోకు బాబూ. వేలు పెట్టుకోడానికి బంగారంలా ఉన్నాయి. తియ్యడానికే ప్రాణం పోతోంది. నా కీళ్లు అరిగిపోయాయి కదా. చదునుగా పలకల్లాంటివి ఉంటే ఇద్దూ, వేలు ఈడ్చుకుంటూ పోతాను" అంది.

బావ సరేనని కింద డబ్బా తీశాడు. రెండు టోపీలు మార్చాడు. మూడోది చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. ఆయన మొహంలో రక్తం ఇంకిపోవడం నేను ఇటు చివర నుంచి చూశాను. "అమ్మా, కాసేపు కూర్చోండి" అని డబ్బా చంకలో పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తాడు. వెనకే నేనూ పరిగెత్తాను.

ఇంట్లో అక్క కిటికీ పక్క కుర్చీలో ఉంది. బావ ఆవిడ ముందు నేల మీద కూర్చుని, కీబోర్డు ఒళ్లోకి లాక్కుని, తన వేళ్లకి రబ్బరు బ్యాండ్లు వేసి కిందికి లాగి కట్టుకున్నాడు, లేపడం కష్టమయ్యేలా. అలా రెండు లైన్లు టైపు చేశాడు. మూడో లైను చెయ్యలేకపోయాడు. అప్పుడు టోపీల్ని ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి చూశాడు. అక్షరాల టోపీల మీద ఆయన రుద్దిన గరుకు అలాగే ఉంది. "బాగుంది" మీట ఒక్కటి నున్నగా మెరుస్తోంది.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

అక్క కళ్లతో కీబోర్డు ఇమ్మంది. ఆ ఎత్తు మీటల మీదే, చివరిసారి, ఒక్కో గొయ్యి ఎక్కి దిగి టైపు చేసింది. "ఎలా ఉందని అడగలేదు మీరు. బాగుందా అని అడిగారు."

ఆ పనికిరాని పలక టోపీలు తొడగడానికి బావకి పది నిమిషాలు పట్టింది. అక్క వేళ్లు నేల తుడిచినట్టు వాటి మీద జారుకుంటూ వెళ్లాయి. ఎక్కడా ఎత్తక్కర్లేదు. ఇంక మొదలైంది. బావ చొక్కాకి రెండో గుండీ ఊడి నెల అయిందనీ, పక్కింటావిడ తలుపు కావాలనే గట్టిగా వేస్తోందనీ, కిటికీ తెర ఉతికి ఎన్నాళ్లయిందనీ. పెళ్లయిన కొత్తలో ఆయన తనని సినిమా హాలు దగ్గర గంట నిలబెట్టిన తగాదా మళ్లీ తవ్వి తీసింది. నా అత్తగారి గురించి అన్న మాటలు ఇక్కడ రాయకూడదు. బావ షాపు తాళం వేసేసి ఆవిడ పక్కనే కూర్చుని విన్నాడు, నవ్వుతూ, ఏడుస్తూ. పదకొండు రోజులు. పన్నెండో రోజు కుడి చెయ్యి లేవలేదు. ఇంకో వారానికి ఎడమ చెయ్యి.

ఆ తర్వాత అక్క కళ్లతో అవును, కాదు అని మాత్రం చెప్పేది. మూడు నెలలకి అదీ పోయింది. ఆవిడా పోయింది.

షాపు మళ్లీ తెరిచాక, ఒకరోజు బావ పని చేస్తూ చేస్తూ, తలెత్తకుండానే అడిగాడు. "నీతో ఎప్పుడైనా అందా? ఆ టోపీలు కష్టంగా ఉన్నాయని?"

"లేదు బావా" అన్నాను.

ఆయన తలూపాడు. గుండెల మీంచి ఏదో దిగినట్టు ఊపిరి వదిలాడు. "నాకు తెలుసులే. నీతో అనుంటే నువ్వు ఊరుకునేదానివా? అప్పుడే వచ్చి నా చొక్కా పట్టుకునేదానివి. నీకు కూడా చెప్పకుండా మోసింది పిచ్చిది."

నేను టేపు చింపి పెట్టె మూతకి అంటించాను. వంకరగా పడింది, తీసి మళ్లీ అంటించాను. అక్క నాలుగు నెలల మాటలు పోయాయి, అవి పోగొట్టింది తనేనని ఆయన అనుకుంటున్నాడు. మొదటి నెలన్నర ఆయనదే. మిగతాదంతా నాది. ఈ సంగతి ఇప్పుడు మీకు చెప్పాను, రేపు ఇంకెవరికైనా చెప్పగలను. వారానికి మూడు రోజులు ఆయనకి ఎదురుగా కూర్చుంటాను, ఆయనకి మాత్రం చెప్పలేను.