రుచి చూపించే జట్కా

యానాం రేవులో పడవ దిగిన వాళ్ళలో చాలామంది అడిగే మాట ఒక్కటే: సారా కొట్టు ఎటు? అవతలి ఒడ్డున మద్యనిషేధం, ఇవతల ఫ్రెంచివాళ్ళ ఏలుబడి. జట్కా తోలే లూయిస్ వాళ్ళను బండిలో ఎక్కించుకుని కొట్టు ముందు దించేవాడు. సాయంత్రం మళ్ళీ మోసుకొచ్చి పడవలో పడేసేవాడు. పొద్దున్న మర్యాదగా బేరమాడిన మనిషి చీకటి పడేసరికి తన ఊరి పేరు చెప్పలేకపోవడం చూస్తే అతనికి మనసు చివుక్కుమనేది.

1952 వేసవిలో అమలాపురం నుంచి సత్యనారాయణ అనే హార్మోనియం మేష్టారు వచ్చాడు.

"కొట్టు వద్దయ్యా లూయిసూ. కల్లు ఎక్కడ తీస్తారో అక్కడే కూచుని, తీసినవాళ్ళతో కబుర్లు చెబుతూ రుచి చూడాలని ఉంది."

"ఆయ్, అలాగైతే పొద్దెక్కకుండా బయలుదేరాలండి. ఎండ తగిలితే పులిసిపోద్దండి."

మర్నాడు తెల్లవారుతూనే అడవిపొలం వెళ్ళారు. కల్లుగీసే పాపారావు తాడిచెట్టు దిగి, లొట్టి వంచి తాటాకు దొన్నెలో కల్లు పోశాడు. మేష్టారు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. అక్కణ్ణించి అగ్రహారం వైపు ఈతచెట్ల దగ్గరికి పోతే, "ఇది వేరే రాగం" అని తల ఊపాడు. ఆయన ముఖంలో సంతోషం చూసి లూయిస్‌కి ఉత్సాహం వచ్చింది. ఉండబట్టలేక గుర్రాన్ని ఫరంపేటకు మళ్ళించాడు.

అక్కడ జోసెఫిన్ ఇంట్లో నేరేడుపళ్ళ వైను పెడుతుంది. ఆమె లూయిస్ భార్య బుల్లెమ్మకు స్వయానా అక్క. తల్లి పోయాక, ఆవిడ వైను పెట్టిన జాడీ ఎవరిదన్న దగ్గర మాటామాటా పెరిగి అక్కచెల్లెళ్ళకు మాటల్లేకుండా పోయాయి. చర్చిలో ఒకరు ముందు కూర్చుంటే ఇంకొకరు గుమ్మం దగ్గర కూర్చునేవారు. అందుకని ఫరంపేట వెళ్ళిన సంగతి లూయిస్ ఇంట్లో చెప్పలేదు.

మేష్టారి నోట విని ఇంకొందరు వచ్చారు. ఒక నాటకాల మనిషి, ఒక ప్లీడరు, భార్యను కూడా వెంటబెట్టుకొచ్చిన ఒక కలప వ్యాపారి. లూయిస్ అందరినీ తోపుతోపుకీ తిప్పి, కొంచెం కొంచెమే తాగించి, మధ్యాహ్నానికి తన ఇంటికి తీసుకొచ్చేవాడు. బుల్లెమ్మ రొయ్యల వేపుడుతో అన్నం పెట్టేది.

నేరేడుపళ్ళు రాలే రోజుల్లో మేష్టారు మళ్ళీ వచ్చాడు. భోజనానికి కూర్చుంటూ సంచీలోంచి సీసా తీశాడు.

"చెల్లెమ్మా, నీ వంటకి ఇదే జోడీ. ఫరంపేటలో ఆవిడ ఇచ్చింది. రవ్వంత రుచి చూడు."

లూయిస్ తల వంచుకుని గబగబా అన్నం కలిపాడు. బుల్లెమ్మ భర్త వంక ఒక చూపు చూసి, గ్లాసు అందుకుని పెదవికి తగిలించింది. ఇంకో గుక్క తాగింది.

"అమ్మ పెట్టినట్టే ఉంది," అంది. కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తిడుతుందనుకున్నాడు లూయిస్. మేష్టారు వెళ్ళాక ఆమె బయటికొచ్చి, "బండి కట్టవయ్యా," అంది.

ఫరంపేట చేరేసరికి జోసెఫిన్ అరుగు మీద గంపెడు నేరేడుపళ్ళు పోసుకుని పిసుకుతోంది. మోచేతుల దాకా ఊదారంగు. చెల్లెల్ని చూసి చేతులు ఆగిపోయాయి.

"ఆ జాడీ నువ్వే పట్టుకుపోవే బుల్లెమ్మా," అంది, పలకరింపు కూడా లేకుండా.

"జాడీ ఎవడికి కావాలే అక్కా! అమ్మ చెయ్యి నీకొచ్చింది. నాకు రాలేదు. నేర్పుతావా?"

జోసెఫిన్ ఏడుస్తూనే నవ్వింది. "ముందు గాజులు తీసి పక్కన పెట్టు. గింజ చితక్కూడదు, చేదొచ్చేస్తది."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చీకటి పడేదాకా పళ్ళు పిసికారు. తల్లి గురించి చెప్పుకున్నారు, పిల్లల గురించి చెప్పుకున్నారు, ఇన్నేళ్ళలో వినని చుట్టాల కబుర్లన్నీ చెప్పుకున్నారు. లూయిస్ గుర్రానికి గడ్డి వేసి, ఎవరూ తనను పట్టించుకోకపోయినా హాయిగా అరుగు చివర కునుకు తీశాడు.

రెండేళ్ళకు ఫ్రెంచి జెండా దిగిపోయింది. జట్కా మాత్రం తిరుగుతూనే ఉంది. ఆదివారం చర్చిలో పూజ కాగానే అక్కచెల్లెళ్ళిద్దరూ అందులోనే ఫరంపేట వెళ్ళేవారు. దారి పొడుగునా లూయిస్‌ని ఒక్క మాట మాట్లాడనిచ్చేవారు కాదు.