పొద్దుగూకినాక తిన్న పిల్ల

మా తెలుగు మేడం పోయారని మొన్న ప్రొద్దుటూరు నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. బస్సెక్కి వెళ్తుంటే మేడం ముఖం కాదు, ఆమె రాసిన నవలలోని పిల్ల నా కళ్ళ ముందు నిలబడింది. ఆ పిల్లను నాకు అంటగట్టి తాను జారుకున్నారని మేడం మీద కోపం కూడా వచ్చింది.

జమ్మలమడుగు హైస్కూల్లో పాఠం అయిపోయాక ఆ నవలను మాకు కొంచెం కొంచెంగా చదివి వినిపించేవారు. పెన్న ఒడ్డున దానవులపాడులో ఇసుక కింద జైనుల గుడి బయటపడింది కదా, వందల ఏళ్ళ కిందటి అక్కడి వాళ్ళ కథ అది. జైనులు పొద్దుగూకితే అన్నం ముట్టరు. వాళ్ళను ఏరివేయడానికి వచ్చిన రాజభటులు దీపాలు పెట్టాక ఊళ్ళో అందరి చేతిలో తలా ఒక ముద్ద పెడతారు. తిన్నవాళ్ళు ఇంటికి, తిననివాళ్ళు కత్తికి. వరసలో మా ఈడు పిల్ల ఒకతి ఉంది. ఆమె ముందు నిలబడ్డ తల్లి తినలేదు.

అది రంజాన్ నెల. మేడం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఏమ్మే, రోజా ఉన్నెప్పుడు పొద్దుగూకే యాళకు ఎట్లుంటాది నీకు?" అని అడిగారు.

"కండ్లు పొద్దుమీద్నే ఉంటాయి మేడం, ఎప్పుడు గూకుతాదా అని."

ఆమె పకపకా నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయారు. "నువ్వు నోరు తెరిసే యాళకు ఆ పిల్ల నోరు మూసుకోవాల" అన్నారు. ఇప్పటికీ అజాన్ విని ఖర్జూరం నోట్లో పెట్టుకుంటే ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది నాకు.

నవలలో ఆ పిల్ల ముద్ద తినేసి బతికింది. అది అచ్చయ్యాక పులివెందులలో దాని మీద జరిగిన సభలో ఒక పెద్దాయన లేచి, "దేవుని కోసం సచ్చిపోయినట్టు రాయాల్సింది. పిల్లోళ్ళకు ఏం నేర్పిస్తాండావమ్మా?" అని దులిపేశారు.

"సచ్చిపోయినోళ్ళకు దండం పెడతానప్పా" అన్నారు మేడం. "తిని బతికినోళ్ళ కడుపున పుట్టినోళ్ళమేమో మనం. ఆ పిల్లను నేను గూడా తరమాల్నా?"

అంత గట్టిగా అన్న మనిషికి లోపల నెమ్మది లేదు. కలిసినప్పుడల్లా, "ఆ పిల్లకు మళ్ళా ముద్ద దిగిండునా?" అని అడిగేవారు. రాసింది మీరే కదా అని ఆటపట్టిస్తే నవ్వేవారు కాదు. ఆమె అంటే నాకు ప్రాణం. ఆ ప్రశ్న అంటే మాత్రం భయం.

అంత్యక్రియలయ్యాక కూతురు నన్ను మేడం గదిలోకి తీసుకెళ్ళింది. చివర్లో ఆమె మనుషులను గుర్తుపట్టలేదట. లైటు వేసి అన్నం తెస్తే తలుపు వైపు చూసి, "ముందు ఆ పిల్లకు పెట్టు. అమ్మ లేదు దానికి. ఎవురూ ఏమనొద్దండి" అనేవారట.

"ఏం చేస్తానక్కా, తలుపుకాడ ఒక పళ్ళెం పెడతాంటి. అట్లనే సూసి సూసి, 'తినలేదు' అని ఏడుస్తాండె" అంది కూతురు.

"రోజూనా?"

"రోజూ. పోయే ముందు సాయంత్రం మాత్రం, 'తింటాంది సూడు, శానా ఆకలిగొని ఉండాది' అనింది. మళ్ళా మాట్లాడలే."

తలుపు వార ఆ పళ్ళెం ఇంకా ఉంది. తీయడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు.