తలుపుకు అవతలి సోదరుడు

మా డ్రిల్లు సారు పోయారన్న కబురు నాకు కడప కోర్టు వరండాలో తెలిసింది. ఫోన్ చేసింది సారు భార్య. "మీ సారు పోయినాడు నాయనా, తెల్లారుజామున" అంది. నేను అలవాటు కొద్దీ "అయ్యో, ఉన్నట్టుండి ఏమైందమ్మా?" అన్నాను. "ఉన్నట్టుండి యాడిది నాయనా? గొంతులో క్యాన్సరని తెలిసి ఐదు నెల్లాయ. నీకు తెల్దా?" అని అడిగింది.

తెలీదు. తెలుసుకోవడం నా పని. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను, ఆయన్ను పొగడ్డానికి కాదు. పొగిడితే ఆయనకు ఒళ్ళు మండేది. "చాల్లేరా, లైన్లోకి రా" అనేవారు.

కడపలో మా లాడ్జి ఒకటుంది. లాడ్జి అంటే బస్టాండు ఎదుట గదులు అద్దెకిచ్చేది కాదు, ఫ్రీమేసన్ల లాడ్జి. కులం, మతం గడప బయట వదిలి, ఒకరినొకరు సోదరుడని పిలుచుకునే ముప్పై మందిమి నెలకోసారి సాయంత్రం తలుపులేసుకుని కూర్చుంటాం. తెల్ల ఏప్రాన్లు కట్టుకుంటాం, పాత మాటలేవో కంఠతా చెప్తాం, ఆ తర్వాత కలిసి అన్నం తింటాం. తలుపులేసుకుంటాం కాబట్టి ఊళ్ళో జనం దాన్ని దయ్యాల బంగళా అంటారు. లోపల పుర్రెకు పూజలు చేస్తామని మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకు గట్టి నమ్మకం. నిజానికి అక్కడ జరిగే ఘోరమల్లా మా ఖజాంచి ఉపన్యాసమే.

లోపల సభ జరిగినంతసేపూ మూసిన తలుపు బయట ఒక సోదరుడు కత్తి పట్టుకుని కాపలా ఉండాలి. అది ఆనవాయితీ. సభ మొదలయ్యేటప్పుడూ, ముగిసేటప్పుడూ లోపలి నుంచి తలుపు మీద మూడు దెబ్బలు కొడతారు. బయటి ఆయన కత్తిపిడితో మూడు దెబ్బలు కొట్టి జవాబివ్వాలి. కాపలా ఉందని దానర్థం. పద్దెనిమిదేళ్ళు ఆ పని చేసింది డ్రిల్లు సారు. మైదుకూరు నుంచి బస్సులో వచ్చి, పక్కన కుర్చీ వేసి ఉన్నా కూర్చోకుండా నిలబడేవారు. ఎందుకు సార్ అంటే, "లోపల ముప్పైమంది నిమ్మళంగా ఉండాలంటే బయట ఒకడు నిలబడుకోవాల" అనేవారు.

నాకు అప్పజెప్పిన పని వేరు. సోదరుల్లో ఎవరికి జబ్బు చేసినా, ఎవరింట్లో కష్టమొచ్చినా వెళ్ళి చూసి లాడ్జికి చెప్పాలి. ప్రతి సభలోనూ అధ్యక్షుడు అడుగుతాడు: "సోదరులలో ఎవరికైనా బాగాలేదా?" నేను లేచి జవాబు చెప్పాలి. ఆరేళ్ళుగా చెబుతూ వచ్చాను.

సారు నాకు కొత్త మనిషి కాదు. మైదుకూరు హైస్కూల్లో ఆయన దగ్గర చదువుకున్నాను. చదువుకున్నాననడం కంటే పరిగెత్తానంటే సరిపోతుంది. గ్రౌండు ఆ చివర నిలబడి ఆయన "సావధాన్" అంటే రోడ్డవతల టీకొట్టులో గ్లాసులు కడిగేవాడు కూడా నిటారుగా నిలబడతాడని చెప్పుకునేవాళ్ళం. విజిల్ ఎప్పుడూ జేబులోనే ఉండేది, దాని అవసరం ఆ గొంతుకు రాలేదు.

పెద్దయ్యాక, వకీలునయ్యాక, నన్ను లాడ్జిలో చేర్చుకోవచ్చని పూచీ పడింది కూడా ఆయనే. చేరే రోజున కళ్ళకు గంతలు కట్టి లోపలికి తీసుకుపోతారు. కట్టేది బయట కాపలా ఉండే సోదరుడే. కోర్టులో ఎవరికీ జంకని నేను ఆ సాయంత్రం జంకాను. సారు గుడ్డ ముడి బిగిస్తూ నా చెవి దగ్గర, "ఎందుకురా వణుకుతాండావు? తలుపు అవతల ఉండేది మనోళ్ళే" అన్నారు. ఆ మాట తర్వాత చాలాసార్లు, లాడ్జికి సంబంధం లేని చోట్ల కూడా, నాకు ధైర్యమిచ్చింది.

ఆయన పని ఇంకొకటి ఉండేది, ఎవరూ చెప్పకుండానే నెత్తినేసుకున్నది. సోదరుడెవరైనా చనిపోతే మేం ఒక్కొక్కరం ఒక పచ్చని తుమ్మ రెమ్మ మట్టి మీద వేస్తాం. ఎక్కడో పుట్టిన ఆనవాయితీ. మా సీమలో మాత్రం దానికోసం వెతుక్కునే పని లేదు, ఎటు చూసినా తుమ్మే. సారు కాలవగట్టు మీద రెమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చి మా చేతుల్లో పెట్టేవారు. మేం వేసేవాళ్ళం. అవి ఎలా వచ్చాయో, వాటికి ఏం చేసి తెచ్చేవారో ఎప్పుడూ అడగలేదు.

ఇక ఈ చివరి నెలల సంగతి. ఒక సభకు సారు మెడకు తువ్వాలు చుట్టుకుని వచ్చారు. మంచి ఎండాకాలం. "ఏం సార్, ఊటీ పోయొచ్చినారా?" అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వి, సంతకాల పుస్తకం నా ముందుకు జరిపారు. తర్వాతి నెల కూడా తువ్వాలు అట్లే ఉంది. నమస్కారం పెడితే తలూపారు. "సారు మౌనవ్రతం పట్టినట్టుండారే" అని ఖజాంచి అంటే అందరం నవ్వాం, సారు కూడా నవ్వారు. భోజనానికి ఆగకుండా, చేతి గడియారం చూపించి, బస్సుకు వేళైందన్నట్టు సైగ చేసి వెళ్ళిపోయేవారు. చిక్కిపోయారని చూశాను. వయసని సరిపెట్టుకున్నాను.

లోపల కూర్చున్న మాకు ఆయన ఉనికి ఆ మూడు దెబ్బలే. అవి ఎప్పటిలాగే గట్టిగా, ఒకదానికొకటి సమంగా వినబడేవి. అవి వినబడితే సారు బాగున్నట్టే. ఆ తర్వాత అధ్యక్షుడు అడిగేవాడు, నేను లేచి "అందరూ క్షేమమే" అనేవాణ్ణి. నాలుగు సభల్లో, నాలుగుసార్లు అన్నాను. ఆ ప్రశ్న అడిగే వేళకు గదిలో ఎన్నడూ ఉండని సోదరుడు ఒకరున్నారని నాకు తట్టలేదు.

సారును వాళ్ళ చేన్లోనే పూడ్చారు. తుమ్మ రెమ్మలు ఈసారి మేమే కోసుకుపోయాం. చేతుల్లోకి తీసుకోగానే ఒక్కొక్కరూ ఉస్సు ఉస్సుమన్నారు. సారు భార్య చూసి, "ముండ్లు తీయల్యా నాయనా? ఆయప్ప ముందురోజు పొద్దంతా కూచోని చాకుతో ఒక్కొక్క ముల్లూ తీసేటోడు, మీ చేతులకు గుచ్చుకుంటాయని" అంది. మేం ముళ్ళతోనే వేశాం. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

అందరూ వెళ్ళాక ఆమె నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. లోపలి నుంచి ఒక రూళ్ళ నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మాట పోయాక సారు రాసి చూపించిన మాటలు. చారులో ఉప్పు చాల్లేదు. ఫ్యాను తగ్గించు. నా ఏప్రాన్ యాడ పెట్టినావు. మధ్యలో ఒక పేజీలో, బోర్డు మీద రాసినట్టు పెద్ద అక్షరాలు: వానికి ఫోన్ చెయ్యొద్దు. వాడే వస్తాడు. వాని పనే అది.

"నేను చెప్తా చెప్తా అంటే వద్దనె" అంది ఆమె. "చెబితే వాకిలి కాడ ఇంకొకర్ని నిలబెడతారని ఒక భయం. ఇంగ నీమీద శానా నమ్మకం. ఆదివారమైతే పొద్దున్నే అరుగు మీద రెండో కుర్చీ ఏపిచ్చేటోడు. నువ్వు కోర్టు లేనప్పుడే గదా వచ్చేది."

ఎన్ని ఆదివారాలని నేను అడగలేదు. మజ్జిగ తాగాను. తాగకపోతే ఆమె బాధపడుతుంది.

తర్వాతి నెల సభకు ముందు నా బాధ్యత వదిలేస్తానని చెప్పాను. సారు చోట నన్ను నిలబెట్టమని అడిగాను. ఒప్పుకున్నారు. నా పని ఒక పళ్ళ డాక్టరుకు ఇచ్చారు, మంచి కుర్రాడు. కత్తి చేతికి తీసుకుంటే పిడికి సారు చుట్టిన పాత గుడ్డ అలాగే ఉంది, తలుపు చెక్క దెబ్బతినకుండా. అయినా తలుపు మీద, ఛాతీ ఎత్తున, రూపాయంత గుంట పడి ఉంది. తలుపు మూశారు. మూడు దెబ్బలు విని, మూడు దెబ్బలు కొట్టి, కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డాను.

అది మందపాటి టేకు తలుపు. బయటికి చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా రాదని ఇన్నేళ్ళూ లోపల కూర్చున్న మా అందరి నమ్మకం. సారును అడిగితే, "వాకిలి కాడ నిలబడేటోనికి కండ్లుండాల గానీ చెవులుండకూడదు" అనేవారు. నేను దానికి అర్థం ఏమీ వినబడదనే అనుకున్నాను.

అన్నీ వినబడుతున్నాయి. ప్రార్థన వినబడింది. ఖజాంచి దగ్గు వినబడింది. కాసేపటికి అధ్యక్షుడి గొంతు, పక్కన నిలబడి అడిగినంత స్పష్టంగా: "సోదరులలో ఎవరికైనా బాగాలేదా?"

"అందరూ క్షేమమే" అన్నాడు పళ్ళ డాక్టరు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. నేనూ ఆగేవాణ్ణి కాదు.

నాలుగు నెలలు నేను చెప్పిన ఆ మాట, గొంతు పోయిన మనిషి ఇక్కడ, ఈ బండ మీద, మెడకు తువ్వాలుతో నిలబడి విన్నారు. నోరు తెరిచి కాదనలేరు. తలుపు తోసుకుని లోపలికి రావచ్చు, రాలేదు. అది కాపలాదారు పని కాదు.

సభ ముగింపుకొచ్చింది. లోపలి నుంచి మూడు దెబ్బలు వినబడ్డాయి. కత్తిపిడిని ఆ గుంటలో ఆనించాను. సారు కొట్టినట్టే, గట్టిగా, సమంగా, మూడు కొట్టాను. లోపల ఎవరికీ తేడా తెలిసి ఉండదు.