అటు ఒకటి, ఇటు ఒకటి

మధ్యాహ్నం పన్నెండున్నర. నెత్తిన ఎండ, కాళ్ళ కింద పొద్దున పోసిన తారు. ఆ రెండింటి మధ్యా నేను, పెనం మీద మర్చిపోయిన రొట్టెలాగా మాడుతున్నాను. ఆరింటికి తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. నా డబ్బా పది అడుగుల దూరంలో, రోలరు నీడలో ఉంది. కానీ తినడానికి లేదు. ఎందుకంటే ఆ నీడలోనే కూర్చుని మావయ్య తింటున్నాడు. ఆయన తిన్నంతసేపూ ఆయన జెండాలు నేను పట్టుకోవాలి. ఆయనేమో ఒక ముద్ద కుడి దవడతో, ఇంకో ముద్ద ఎడమ దవడతో, తొందరేం లేకుండా నములుతాడు. మధ్యలో తలెత్తి రోడ్డు చూసి అరుస్తాడు.

"అల్లుడూ! అటు ఒకటి, ఇటు ఒకటి! కుడి వైపు రెండు వదిలావు, చూశాను!"

అదీ మావయ్య. మనిషి మొత్తం ఆ మాటలోనే ఉన్నాడు. అటు ఒకటి, ఇటు ఒకటి.

మాది రోడ్లు బాగుచేసే పని. రెండు వరసల రోడ్డులో ఒక వరస తవ్వాలంటే, దాన్ని మూసేసి కోన్లు పెడతాం. అక్కడికొచ్చేసరికి రెండు వరసల బళ్ళూ ఒక్క వరసలోకి దూరాలి. ఆ దూరే చోటుని మేం మూతి అంటాం. మూతి దగ్గర ఎర్ర జెండా, పచ్చ జెండా పట్టుకుని నిలబడేవాడు మావయ్య. నాకు మేనమామా కాదు, పిల్లనిచ్చిన మామా కాదు. పనిలో ఉన్న అందరికీ ఆయన మావయ్య, మేమందరం అల్లుళ్ళం. బక్కపల్చటి మనిషి. గట్టిగా హారన్ కొడితే ఎగిరిపోతాడేమో అనిపిస్తుంది. ఎన్ని హారన్లు కొట్టినా ఒక్క అంగుళం కదిలింది లేదు.

నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. కానీ మూతి దగ్గర ఒక్క పూట నిలబడితే మనుషుల గురించి ఏ బళ్ళోనూ చెప్పనిది తెలుస్తుంది. డ్రైవర్లు రెండే రకాలు. అల్లంత దూరాన బోర్డు కనపడగానే భయపడి ముందే దూరిపోయేవాళ్ళు ఒకరకం. ఖాళీగా ఉన్న వరసలో చివరి కోనుదాకా వచ్చి దూరేవాళ్ళు రెండోరకం. మొదటిరకానికి రెండోరకమంటే ఒళ్ళు మంట. వాళ్ళు వచ్చేసరికి ముందు బండికి ముక్కు ఆనించేసి, అద్దం ఎత్తేసి, ఆకాశంలోకి చూస్తారు.

ఒకరోజు ఒక లారీ అతను ఇంకో అడుగు ముందుకేశాడు. బండిని రెండు వరసల మధ్యలో పెట్టి, వెనకనించి ఎవరూ ముందుకు పోకుండా కాపలా కాస్తున్నాడు. అతని ముందు మూతిదాకా ఒక వరసంతా ఖాళీ. మావయ్య జెండాలు నా చేతిలో పెట్టి అంత దూరమూ నడిచి వెళ్ళాడు.

"ఏం బాబూ, ఈ వరస మీ నాన్నగారు పోయించారా?"

"ముందే దూరినవాళ్ళం పిచ్చోళ్ళమా? వీళ్ళు దర్జాగా చివరిదాకా పోయి దూరతారా?"

"దూరాలి నాయనా. రోడ్డున్నంతవరకూ వాడుకోవాలి. రెండు వరసల్లో నిలబడితే తోక సగమే ఉంటుంది. అందరూ ఒక్క వరసలో నిలబడేసరికి నీ వెనక తోక ఎక్కడిదాకా పోయిందో చూశావా? ఆసుపత్రి గేటుదాకా."

"నేను మర్యాదస్తుణ్ణండీ! మధ్యలో దూరే రకం కాదు."

"నీ మర్యాదే గేటుకి అడ్డం పడింది. కాస్త పక్కకి లాగు."

లారీ కదిలింది. కదులుతూ మావయ్యని ఏదో తిట్టింది. మావయ్య తిరిగి ఒక తిట్టు తిట్టాడు. ఒక్కటే. అటు ఒకటి, ఇటు ఒకటి.

మాటతో లొంగని వాళ్ళకి కోటు చూపించేవాడు. మాకిచ్చే నారింజ రంగు కోటుకి ముందు పెద్ద జిప్పు ఉంటుంది. కారు ఆపి, అద్దం దగ్గరికి వంగి, జిప్పు కిందనించి మెడదాకా నెమ్మదిగా లాగేవాడు. "చూడమ్మా. ఈ పక్క పన్నొకటి, ఆ పక్క పన్నొకటి. నేను ముందంటే నేను ముందని పోట్లాడుకున్నాయా? ఎంత చక్కగా మూసుకుపోయింది!" రోజుకి నూటయాభై సార్లు ఇదే పాఠం. ఏడాది తిరక్కుండా ఒక కోటు జిప్పు, దాని తర్వాత ఇంకో కోటు జిప్పు ఊడిపోయాయి. స్టోరు కీపరు నెత్తి కొట్టుకున్నాడు.

"అందరి కోట్లూ చేతుల దగ్గర చిరుగుతాయి. నీకేంటయ్యా జిప్పులు పోతాయి?"

"చెవులు పనిచెయ్యనివాళ్ళు ఎక్కువయ్యారు బాబూ. కళ్ళకి చూపించాల్సి వస్తోంది."

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి భోజనానికి పిలిచాడు. రెండు గదుల ఇల్లు. చెప్పులు కూడా గుమ్మానికి అటొకటి ఇటొకటి విడిచాడు. అత్తయ్య నన్ను చూడగానే కేసు పెట్టింది.

"చెప్పు అల్లుడూ, నువ్వే చెప్పు. పోట్లాటలో కూడా నీ మాటొకటి, నా మాటొకటి అంటాడు. బాగానే ఉంది. కానీ ఈయన ఒక్క మాట గంటసేపుంటుంది. నా వంతొచ్చేసరికి గురక పెడతాడు. ఇదేం న్యాయం?"

"పొడుగు బండి వస్తే ఆగరా మరి?" అన్నాడు మావయ్య.

"ముప్ఫై ఏళ్ళుగా ఆగాను!" అంది అత్తయ్య.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. నేను తట్టలెత్తేవాణ్ణి, రాళ్ళు మోసేవాణ్ణి. భారీ మనిషిని. నన్ను చూస్తే రోలరు ఎందుకు దండగ అనుకుంటారు. అలాంటి నాకు నడుము పోయింది. వంగితే లేవలేను, లేస్తే వంగలేను. ఆ సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే సూపర్‌వైజరు అప్పటికే అందరినీ నిలబెట్టి చెప్పేశాడు. "ఈ రోడ్డు అయిపోగానే తర్వాతి రోడ్డుకి సగం మందే. బరువెత్తలేనివాళ్ళు రావద్దు." ఇంట్లో నలుగురం, పనిచేసేది నేనొక్కణ్ణి. అందుకని పళ్ళు బిగబట్టి ఎత్తుతున్నాను.

మావయ్య కళ్ళు రోడ్డు మీద ఉంటాయనుకున్నాను గానీ, మా మీద కూడా ఉంటాయి.

"అల్లుడూ, వంగినప్పుడల్లా ముక్కుతో చప్పుడు చేస్తున్నావేం?"

"జలుబు."

"నడుముకి చేసిందా జలుబు?"

నేను తట్ట అందుకున్నాను.

"జెండా పని అడగొచ్చుగా."

"ఉన్నది ఒక్క జెండా మనిషి. అది నువ్వు. నీ చోటు నేనడగాలా? నేను పోతే పోతాను గానీ ఎవడి ముందూ చెయ్యి చాపను."

"చెయ్యెవడు చాపమన్నాడు? పక్కవాడికి కనపడేలా ఇండికేటరు వేసుకుంటే చాలు."

"నాకు ఇండికేటరూ లేదు, హారనూ లేదు. నన్నొదిలెయ్."

వదలలేదు. ఆ మర్నాటి నించే మొదలైంది ఈ మధ్యాహ్నం జెండా శిక్ష. "నేను తినేదాకా నువ్వు నిలబడు." అంతకుముందు పది నిమిషాల్లో తినేసేవాడు. ఇప్పుడు ముప్పావుగంట. కావాలని నామీద కసి తీర్చుకుంటున్నాడనుకున్నాను.

మొదటి రోజే పెద్ద గొడవ చేశాను. ఎడమ వరసలో ఒక ముసలాయన, "బాబూ, మందులేసుకునే టైమైంది" అన్నాడు. వదిలాను. వెనక బస్సు నిండా జనం చెమటలు కారుస్తున్నారు. వదిలాను. దాని వెనక కారులో చంటిపిల్ల ఏడుస్తోంది. వదిలాను. అలా జాలిపడి ఆరు బళ్ళు ఎడమవైపే వదిలేసరికి కుడి వరస భగ్గుమంది. ఒక వ్యాను ముక్కు దూర్చింది, ఒక కారు పక్కనించి దూరింది. రెండింటి అద్దాలూ ఒకదానికొకటి తగులుకుని మూతి బిగుసుకుపోయింది. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. ఇద్దరు డ్రైవర్లూ దిగి, ఒకర్నొకరు వదిలేసి ఇద్దరూ కలిసి నన్ను తిట్టడం మొదలుపెట్టారు.

మావయ్య కూర చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. వ్యాను అద్దం మడిచాడు, కారుని జానెడు వెనక్కి నెట్టించాడు, జెండా ఊపాడు. అటు ఒకటి, ఇటు ఒకటి. రెండు నిమిషాల్లో రోడ్డు పారింది.

"జాలిపడ్డాను మావయ్యా. తప్పా?"

"జాలి ఎదురుగా కనపడినవాడికే అందుతుంది అల్లుడూ. వాడి వెనక ఇరవయ్యో బండిలో ఎవరికేం నొప్పుందో నీకేం తెలుసు? వాడికి వంతే దిక్కు." అని కూరంటిన చెయ్యి నా కోటుకి తుడిచి మళ్ళీ తినడానికి వెళ్ళిపోయాడు.

ఆ వారమే మూడో కోటు తీసుకున్నాడు. స్టోరులో ఉన్నవాటిల్లోకెల్లా పెద్దది కావాలని పట్టుబట్టాడు.

"ఇందులో నీలాంటివాళ్ళు ఇద్దరు పడతారు" అన్నాడు స్టోరు కీపరు.

"మంచిదేగా."

అది మోకాళ్ళదాకా వేలాడేది. చేతులు మడిచి మడిచి భుజాలదాకా తెచ్చుకునేవాడు. గాలొస్తే గుడారంలా ఉబ్బేది. డ్రైవర్లు తిట్టడం మానేసి నవ్వేవాళ్ళు. అదొక లాభం అనేవాడు.

ఇక ఇంజినీరుగారి సంగతి. ఒకరోజు తెల్ల కారొకటి వరసలు రెండూ వదిలేసి, రోడ్డు పక్క మట్టిలోంచి దుమ్ము లేపుకుంటూ నేరుగా మూతి దగ్గరికి వచ్చేసింది. కుడివైపు వంతులో కోళ్ళ వ్యాను ఉంది. మావయ్య ఎర్ర జెండా కారు ముక్కు మీద పెట్టాడు. అద్దం దిగింది.

"నేనెవరో తెలుసా?"

"తెలుసండి. ఈ వ్యాను తర్వాత రెండో బండి."

"ఈ రోడ్డు పనికి సంతకం పెట్టిందే నేను!"

"అయితే ఈ ఆలస్యం మనందరికీ మీరిచ్చిందేనన్నమాట. కాస్త మీరూ తీసుకోండి."

"కోళ్ళని పంపి నన్ను ఆపుతావా?"

"అవి వరసలో వచ్చాయండి."

కోళ్ళు పోయాయి. ఒక ఈక ఎగిరొచ్చి తెల్ల కారు అద్దం మీద వాలింది. దాని తర్వాత ఎడమవైపు బండి, ఆ తర్వాతే తెల్ల కారు. గంటలో సూపర్‌వైజరు ఫోను పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"సారు లైన్లో ఉన్నారు. క్షమాపణ చెప్పు. లేకపోతే జెండా దించు!"

మావయ్య జెండా దించలేదు. ఫోనులోకి వినపడేలా అన్నాడు. "చెప్తానండీ. మట్టిలో పడి వచ్చింది ఆయన, ఆపింది నేను. ముందు ఆయనదొకటి, తర్వాత నాదొకటి."

అవతలనించి ఫోను పెట్టేసిన చప్పుడొకటే వినపడింది. ఆరోజు మేం ముప్ఫైమందిమి పారలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాం. కొట్టినందుకు మాక్కూడా తిట్లు పడ్డాయి. పడనీ.

మూడు వారాల తర్వాత, ఆ రోడ్డు పని ఇంకో పదిరోజుల్లో అయిపోతుందనగా, పొద్దున్నే వెళ్ళేసరికి మూతి దగ్గర మావయ్య లేడు. మొదటి కోను మీద ఆయన కోటు తొడిగి ఉంది. దానికి రెండు జెండాలు, అటు ఒకటి, ఇటు ఒకటి, ఆనించి ఉన్నాయి. ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. నాక్కూడా.

నాలో నిప్పు రాజుకుంది. తట్ట విసిరేశాను. సూపర్‌వైజరు ముందుకెళ్ళి నిలబడ్డాను.

"ఆ కారాయన మాట విని ముసలాయన్ని తీసేశారు కదూ? అయితే నన్నూ తీసెయ్యండి! నా నడుము పోయి రెండు నెలలైంది. బరువెత్తలేను. ఇదిగో, నోటితో చెప్తున్నా. రాసుకోండి!"

సూపర్‌వైజరు నన్ను ఎగాదిగా చూశాడు.

"అయిందా? అరిచింది చాలు. ఆయన్నెవరూ తియ్యలేదు. నెల కిందటే ఆయనే వచ్చి చెప్పాడు. పని మానేస్తున్నానని, తన చోటులో నిన్ను పెట్టమన్నాడు. జెండా పని తెలిసినవాడు కావాలయ్యా అన్నాను. రోజూ మధ్యాహ్నం ముప్పావుగంట వాడే చేస్తాడు, చూసుకోమన్నాడు. చూశాను. మొదటిరోజు ఘోరం. తర్వాత పర్లేదు. తర్వాతి రోడ్డుకి కూడా జెండా నువ్వే."

"మరి ఆయనేం చేస్తాడంట?" అన్నాను.

"ముప్ఫై ఏళ్ళు ఇంట్లో నా వైపే బళ్ళు వదిలాను, ఇక ఆవిడ వైపు వదలాలి అన్నాడు. నాకేం అర్థం కాలేదు. నీకేమైనా అర్థమైందా?"

అయింది. కోను మీదనించి కోటు తీసి తొడుక్కున్నాను. భుజాలు సరిపోయాయి. చేతులు సరిపోయాయి. పొట్ట దగ్గర కూడా, కొలతలు తీసి కుట్టించినట్టు, సరిగ్గా సరిపోయింది. స్టోరులోకెల్లా పెద్ద కోటు. అడిగితే కాదంటానని తెలిసి, నేను దూరేంత ఖాళీ వదిలి, హారనన్నా కొట్టకుండా పోయాడు మహానుభావుడు. సాయంత్రం ఇంటికెళ్ళి కడిగేద్దామనుకున్నాను. కానీ అక్కడ అత్తయ్య వంతు మొదలై ఉంటుంది. మధ్యలో దూరితే మర్యాద కాదు.

పదకొండింటికి తెల్ల కారొచ్చింది. మట్టిలోంచి కాదు, వరసలోంచే. అద్దం దిగింది. ఇంజినీరుగారు కోటు చూశాడు, మొహం చూశాడు, మళ్ళీ కోటు చూశాడు.

"ముసలాయనేడీ?"

"ఆయన వంతు అయిపోయిందండి."

ఆయన నేనేమీ అడక్కముందే రెండు వేళ్ళెత్తి చూపించాడు. "తెలుసులే. రెండో బండి."

పన్నెండున్నర అయింది. ఎండ, తారు, ఆకలి. డబ్బా రోలరు నీడలోనే ఉంది. ఇప్పుడు నా జెండాలు పట్టుకోవడానికి ఎవరూ లేరు. ఇదేం న్యాయం మావయ్యా అనుకుంటూ కోటు జేబులో చెయ్యి పెట్టాను. ఏదో మెత్తగా తగిలింది. కాగితంలో చుట్టిన రొట్టె, లోపల కూర. అత్తయ్య చుట్టిందే.

జెండా ఊపాను. అటు ఒకటి, ఇటు ఒకటి, మధ్యలో నాకొక ముద్ద.